తప్పు తూటాలది

"చెయ్యి బాగానే ఉంది. తూటాలే తేడా చేస్తున్నాయి. ఏప్రిల్ నుంచీ చూస్తున్నాను," అన్నాడు ఎల్డన్.

మెల్లగా అని ఉంటే సరిపోయేది. కానీ తుపాకీ మోతకి చెవుల మీద పెట్టుకున్న మఫ్‌లు అప్పుడే తీసిన మనిషికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు. వరసలో అప్పటిదాకా కాల్చిన ఎనిమిది మందీ తిరిగి చూశారు. ముందు అతని వంక చూశారు, తర్వాత వెనక బల్ల దగ్గర రూబార్బ్ పై అనే తీపి రొట్టె కోస్తున్న వెర్నా వంక చూశారు.

వెర్నా చేతిలో చాకు పైలోనే ఆగిపోయింది. నలుగురిలో తల కొట్టేసినట్టయింది ఆమెకి.

ఆ పిస్తోలు క్లబ్బులో ఎవరి తూటాలు వాళ్లే చేసుకుంటారు. ఇంకొకడు చేసిన తూటా తుపాకీలో పెట్టుకోవడమంటే ఇంకొకడి పళ్లసెట్టు నోట్లో పెట్టుకోవడం లాంటిది వాళ్లకి. ఎల్డన్ ఒక్కడికే ఆ బాధ లేదు. అతని తూటాలు మొదటి నుంచీ వెర్నావే. వాటి మీద ఎవరికైనా అసూయ ఉందేమో గానీ అనుమానం లేదు. ఇవాళ అనుమానం పెట్టింది మొగుడే.

"పెళ్లాం మీద తోసెయ్యడం బాగానే ఉందిరా," అన్నాడు స్టాన్ పెకార్, నోట్లో పై ముక్కతో. "నాకా సదుపాయం కూడా లేదు. మా ఆవిడకి తూటాకీ తుమ్ముకీ తేడా తెలీదు."

అందరూ నవ్వారు. ఎల్డన్ నవ్వలేదు. టార్గెట్ కాగితం చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నాడు. చుట్టేలోపే వెర్నా చూసింది. పది తూటాల్లో నల్ల చక్రంలో పడ్డవి నాలుగే. రెండు కాగితానికే తగల్లేదు.

క్లబ్బు కెప్టెన్ రస్ హోలుబ్ మర్యాదస్తుడు. వయసులో వాళ్లకన్నా ఇరవై ఏళ్లు చిన్న. బల్ల దగ్గరికొచ్చి ఆమెకి మాత్రమే వినపడేట్టు, "మనసులో పెట్టుకోకండి వెర్నా గారూ. వచ్చే నెల రాష్ట్రం పోటీకి జట్టులో అయిదుగురే. ఆయన గాభరాలో ఉన్నారు," అన్నాడు.

"గాభరా ఏం లేదు రస్. తూటాలు తేడా అన్నాడు కదా, చూస్తాను. తుపాకీ బిగించి కాల్చే మీ ఇనుప స్టాండు శనివారం నాకు కావాలి."

ట్రక్కులో ఇంటికెళ్తున్నంత సేపూ వెర్నా తూటాలు చేసే ప్రతి మెట్టూ మనసులో నెమరేసుకుంది.

మర్నాడు పొద్దున్నే వెర్నా బేస్‌మెంటులోకి దిగింది. వాషింగ్ మెషిన్ పక్కన ఉన్న బల్ల మీద సామానంతా తీసేసి గుడ్డతో తుడిచింది. కోపంగా తుడిచింది. తప్పు తనదైతే తనే కనిపెట్టాలి, కాకపోతే కాదని అందరి ముందూ తేల్చాలి. రెంటికీ పని ఒకటే.

ముందు కాల్చిన తూటాల ఇత్తడి డొప్పలు. బకెట్టు గుమ్మరించి, అడుగున ఉన్న ముద్ర చూసి కంపెనీ వారీగా వేరు చేసింది. ఒకే కంపెనీవి, ఒకే పొడుగువి మాత్రం ఉంచుకుంది. తర్వాత సీసపు గుండ్లు. ఒక్కొక్కటీ వేళ్ల మధ్య తిప్పి చూసింది. గుండు ముక్కు మీద గీత పడితే పెద్ద నష్టం లేదు గానీ, అడుగున ముడత ఉంటే అది తిన్నగా పోదు. అలాంటివి డబ్బాలోకి విసిరేసింది. త్రాసు కింద కాగితం మడత పెట్టి మట్టం చూసింది. తుపాకీ మందు కొలిచే గొట్టం పిడి ఒకే వేగంతో ఎత్తి, ఒకే వేగంతో దించింది. పిడి కొట్టే తీరు మారితే పడే మందు మారుతుంది. చెయ్యి తొందరపడితే గొట్టం కూడా తొందరపడుతుంది.

డొప్పలన్నీ చెక్క దిమ్మలో నిలబెట్టి మందు పోశాక టార్చిలైటు వేసి పైనుంచి చూసింది. అన్నిట్లోనూ మందు ఒకే ఎత్తులో ఉంది. ఒక దాంట్లో పడకపోయినా, ఒక దాంట్లో రెండుసార్లు పడినా కంటికి ఇట్టే తెలిసిపోతుంది. ఈ చూడడం ఆమె ఏ ఒక్కరోజూ మానలేదు. అవతల చేతిలో తుపాకీ పట్టుకుని నిలబడేది తన మనిషి.

మెట్ల మీద చప్పుడైంది. ఎల్డన్ సగం దిగి ఆగాడు.

"డొప్ప మూతి మరీ గట్టిగా నొక్కేస్తున్నావేమో. గుండు నలిగిపోతుంది."

"ఎప్పుడూ నొక్కినంతే నొక్కాను."

"మరి ఎప్పుడూ పడ్డట్టు పడ్డం లేదుగా!"

"అందుకేగా కూచున్నాను. పోయి కాఫీ తాగు."

అతను వెంటనే పోలేదు. కాసేపు ఆమె చేతుల వంకే చూస్తూ నిలబడ్డాడు. ఎందుకలా చూస్తున్నాడో ఆమెకి అప్పుడు తెలియలేదు. పైన వంటింట్లో కప్పు సాసరు మీద టకటకలాడడం వినిపించింది. దాన్ని కూడా పట్టించుకోలేదు. ఆమె ధ్యాసంతా కొలతలు తీసే కాలిపర్ మీద ఉంది.

గురు, శుక్రవారాలు అదే పని. కొన్నిట్లో గుండుని వెంట్రుకవాసి లోపలికి దించింది, కొన్నిట్లో వెంట్రుకవాసి పైకి ఉంచింది. ఒక రకం మూతి గట్టిగా, ఒక రకం వదులుగా నొక్కింది. తుపాకీ గొట్టం ఊడదీసి ప్రతి తూటా అందులో జారవిడిచింది. టక్కున పడి, వేలితో తిప్పితే తిరగాలి. గుడ్డిగా చప్పుడైతే పక్కన పెట్టేసింది. నడుం పట్టేసింది. శుక్రవారం రాత్రి భోజనానికి బొలోనా మాంసం పెట్టిన సాండ్‌విచ్‌లే గతి అయ్యాయి. ఎల్డన్ కిక్కురుమనకుండా తిన్నాడు.

శనివారం పొద్దున క్లబ్బు వాళ్లు కాల్చే రేంజిలో ఎవరూ లేరు. రస్ తాళం తీసి, స్టాండు మొయ్యడంలో సాయం పట్టి, దాన్ని సిమెంటు దిమ్మ మీద బోల్టులతో బిగించాడు.

"నేను అవతల గడ్డి కోసుకుంటూ ఉంటాను. అవసరమైతే కేకెయ్యండి," అని వెళ్లిపోయాడు.

వెర్నా పిస్తోలు పిడికున్న చెక్కలు విప్పి దాన్ని స్టాండు దవడల మధ్య బిగించింది. స్టాండుకి కళ్లు లేవు, భుజం నొప్పి లేదు, భయం లేదు. పేలినప్పుడు తుపాకీ పైకి లేస్తుంది. చేత్తో నొక్కితే మళ్లీ సరిగ్గా మొదటి చోటికే వచ్చి కూచుంటుంది. మొదటి కొన్ని తూటాలు అది కుదురుకోవడానికి పోతాయి. తర్వాత ఇక మనిషి జోక్యమే లేదు.

కొత్త తూటాలు ముందు కాల్చింది. యాభై గజాలు నడిచి వెళ్లి కాగితం చూసింది. ఒక నిమ్మకాయ పెడితే పది చిల్లులూ దాని కింద దాక్కుంటాయి. అంత బాగా ఆమె ఎప్పుడూ చెయ్యలేదు. తర్వాత సంచిలోంచి పాత డబ్బా తీసింది. మంగళవారం ఎల్డన్ తిట్టిన తూటాల్లో మిగిలినవి అవి. కొత్త కాగితం పెట్టి అవి కాల్చింది. మళ్లీ నడిచింది. ఈసారి నిమ్మకాయ చాలదు, చిన్న బత్తాయి కావాలి. అంతే తేడా! పాత తూటాల్లోనూ తప్పు లేదు.

"దొరికావు!" అంది పైకే. "దొరికావురా ఎల్డన్!"

అక్కడే, ఆ గడ్డిలో, ఒంటరిగా నిలబడి నవ్వింది. వచ్చే మంగళవారం అందరి ముందూ ఈ రెండు కాగితాలూ బల్ల మీద పరుస్తుంది. స్టాన్ ఎలా ఈల వేస్తాడో చెవుల్లో వినిపించింది. ఎల్డన్ క్షమాపణ చెబుతాడు. చెప్పక చస్తాడా! పై మాత్రం ఈసారి అతనికి పెట్టదు.

ఆ సంతోషం ఇంటి వాకిలి దాకా ఉంది. ట్రక్కు ఆపి, గరాజ్ పక్కనుంచి వంటింటికి పోతూ దాని కిటికీలోంచి లోపలికి చూసింది.

ఎల్డన్ గోడకేసి నిలబడి ఉన్నాడు. ఎడం చెయ్యి ప్యాంటు జేబులో ఉంది. కుడి చెయ్యి భుజం ఎత్తులో తిన్నగా చాచి పెయింటు డబ్బా పట్టుకున్నాడు. ఒంటిచేత్తో కాల్చేవాళ్లందరూ చేసే కసరత్తే అది. తుపాకీ బరువు చెయ్యికి అలవాటవడానికి చేస్తారు. డబ్బా నిండుగా కూడా లేదు. అయినా దాని తీగ పిడి గలగలమంటూనే ఉంది. అతను ఊపిరి బిగబట్టాడు. ఆ చప్పుడు ఆగలేదు. ఎడం చెయ్యి జేబులోంచి వచ్చి కుడి మణికట్టు పట్టుకుంది. అప్పుడు రెండు చేతులూ కలిసి వణికాయి. ఎల్డన్ డబ్బా దించి, ఆ చెయ్యిని చంకలో దాచుకుని, గోడకి తల ఆనించాడు.

వెర్నా చప్పుడు కాకుండా వెనక్కి నడిచింది. ట్రక్కులో కూచుని తలుపేసుకుంది. సాసరు మీద కప్పు ఎందుకు టకటకలాడిందో, మెట్ల మీద నిలబడి తన చేతుల వంక ఎందుకు చూశాడో అప్పటికి గానీ తెలిసి రాలేదు. ఇన్ని రోజులూ దారపు పోగంత తేడాలు కొలుచుకుంటూ కూచుంది, కళ్లెదుట ఉన్న మనిషిని చూడలేకపోయింది. ఆ రెండు కాగితాలూ ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. అవి ఎంత బాగుంటే తన మొగుడి గతి అంత అధ్వాన్నమని ఇప్పుడు తెలుసు.

కాగితాలు చించి ట్రక్కు సీటు వెనక కుక్కింది. తర్వాత హారన్ కొట్టి, అప్పుడే వచ్చినట్టుగా దిగింది.

"ఏం తేలింది?" అన్నాడు ఎల్డన్ గరాజ్ తలుపు తీసి.

"ఇంకా చూడాలి," అంది.

మంగళవారం ఆమె ఏమీ తేల్చుకోకుండానే బయల్దేరింది. అడిగితే స్టాండు వదులైందనో, గాలి ఎక్కువగా ఉందనో చెప్పొచ్చనుకుంది. ఎవరూ అడగకపోవచ్చు కూడా.

అందరూ అడిగారు. ఆమె సంచి బల్ల మీద పెట్టీ పెట్టక ముందే స్టాన్ చేతులు రుద్దుకుంటూ వచ్చాడు.

"చెప్పు వెర్నా, తప్పు తూటాదా, తుపాకీదా, లేకపోతే దాని వెనకాలున్న ముసలాడిదా? పందేలు కాశాం ఇక్కడ."

"స్టాండు సరిగ్గా కూచోలేదు," అంది వెర్నా.

రస్ మొహం విప్పారింది. "అంతేనా! పోన్లెండి, అది ఇంకా దిమ్మ మీదే ఉంది. నేను బిగిస్తాను, అందరం ఉన్నాం, ఇప్పుడే చూసేద్దాం. ఎల్డన్ గారూ, తుపాకీ ఇటివ్వండి. అయిదు నిమిషాల పని."

మంచి ఉద్దేశంతోనే అన్నాడు. ఒక ఆడమనిషి పేరు నిలబెట్టాలని అతని తాపత్రయం. వరసలో వాళ్లు దుర్భిణులు అటు తిప్పుకుంటున్నారు. రస్ రెంచి తియ్యడానికి వెళ్తున్నాడు.

వెర్నా ఎల్డన్ వంక చూసింది. అతను పిస్తోలు పెట్టె మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. రానున్నదేమిటో అతనికి తెలుసు. అయిదు నిమిషాల్లో ఒక ఇనుప ముక్క పది చిల్లులు పొడిచి, ఇతను ఇక పనికిరాడని అందరి ముందూ చెప్పబోతోంది. కుడి చెయ్యి పెట్టె మూత మీద సన్నగా టకటకమంటోంది.

"వద్దు రస్," అంది వెర్నా. "ఆ తూటాలు కాల్చకండి."

"ఏమైంది?"

"రెండు రకాల మందు కలిసిపోయింది. కొలిచే గొట్టంలో మిగిలింది దాని డబ్బాలో పొయ్యబోయి వేరే రకం మందు డబ్బాలో పోశాను. ఎప్పుడు పోశానో తెలీదు. ఏప్రిల్‌లోనే అయ్యుంటుంది. నిన్ననే చూసుకున్నాను."

స్టాన్ నోట్లో జోకు అక్కడే ఆగిపోయింది. ఆ జనంలో అంతకన్నా పెద్ద తప్పు లేదు. దొంగ స్కోరు వేసినవాణ్ణి రెండేళ్లకి మర్చిపోతారు. రెండు మందులు కలిపినవాణ్ణి మర్చిపోరు. అలాంటి తూటా ఒక్కటి చాలు, తుపాకీ చేతిలోనే పగిలి పక్కవాడి కన్ను కూడా పోవడానికి. ఎల్డన్ పక్కన కాల్చే కుర్రాడు తెలియకుండానే ఒకడుగు పక్కకి జరిగాడు.

రస్ రెంచి తియ్యకుండానే వెనక్కి వచ్చాడు. "చెప్పడం మంచిదైంది వెర్నా గారూ. చెప్పకుండా ఉండేవాళ్లే ఎక్కువ." తర్వాత గొంతు సవరించుకున్నాడు. "నియమం మీకూ తెలుసు. ఇక మీ చేతి తూటాలు కాల్చే లైను మీదికి రాకూడదు. ఉన్నవన్నీ ఇటివ్వాలి."

"తెలుసు."

ఆమె సంచిలోంచి డబ్బాలు తీసిచ్చింది. నిమ్మకాయ కింద దాక్కునే తూటాలు అవి. రస్ ఒక్కొక్క డబ్బా విప్పి, పాడైన తూటాలు వేసే నూనె బకెట్టులో వంచాడు. అవి బుడుంగు బుడుంగుమని మునిగిపోయాయి. వెర్నా కళ్లు తిప్పుకోలేదు.

ఎల్డన్ ఏమంటాడోనని ఆమె ఎదురుచూసింది. 'కాదు' అంటాడనుకుంది. కనీసం, 'మా ఆవిడ అలాంటి పని చెయ్యదు' అంటాడనుకుంది. ఎల్డన్ పిస్తోలు పెట్టెకి గొళ్లెం పెట్టాడు.

"నావి ఒక డబ్బా ఇస్తాన్లేరా," అన్నాడు స్టాన్ అతని భుజం తట్టి. "వచ్చే వారానికి. నీ తుపాకీకి సరిపోతాయి."

"థాంక్స్," అన్నాడు ఎల్డన్.

ఇంటికి వచ్చేటప్పుడు ఎల్డనే నడిపాడు. మొక్కజొన్న చేల మధ్య రెండు మైళ్లు పోయాక ట్రక్కు పక్కకి తీసి ఇంజను ఆపాడు.

"మనింట్లో రెండో రకం మందు ఎప్పుడైనా ఉందా, వెర్నీ?"

"లేదు."

"మరి దేంట్లో దేన్ని కలిపావు?"

ఆమె అద్దంలోంచి బయటికి చూసింది. "పోనీ ఎల్డన్. ఇంటికి పోదాం."

"నాకు చలికాలం నుంచీ తెలుసు," అన్నాడతను. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, ఆ చేతులతోనే చెబుతున్నట్టుగా అన్నాడు. "గొడ్డలి పట్టుకున్నా, కాఫీ పట్టుకున్నా ఇదే. డాక్టరు దగ్గరికి పోతే ఒక పేరు పెడతాడు. పేరు పెట్టించుకోవడం ఇష్టం లేక పోలేదు."

"తెలిసీ నన్నన్నావా? అందరి ముందూ?"

"నిన్ను కాకపోతే ఇంకెవర్ని అనను?"

ఇంతకన్నా ప్రేమగా అతను ఎప్పుడూ మాట్లాడలేదు, ఇంతకన్నా అన్యాయంగానూ మాట్లాడలేదు. రెండూ ఒక్కమాటలోనే ఎలా పట్టాయో ఆమెకి అర్థం కాలేదు. అతని కుడి చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. అది అక్కడ కూడా కదులుతూనే ఉంది, గుప్పిట్లో పట్టుకున్న పిట్టలా.

"వచ్చే మంగళవారం నేనే చెప్తాను," అన్నాడు ఎల్డన్. "అందరి ముందూ చెప్తాను. మందు కలవలేదని, తూటాలు బంగారమని, చెయ్యి పోయింది నాదేనని. ఒట్టు."

"చెప్పకపోయినా ఫర్లేదు," అంది ఆమె.

అలా అంది గానీ, ఆ వారమంతా ఆ మాట పట్టుకునే బతికింది. బేస్‌మెంటులో బల్ల మీద దుప్పటి కప్పింది. బట్టలు ఉతకడానికి దిగినప్పుడల్లా ఆ దుప్పటి వంక చూసి, ఇంకా మూడు రోజులు, ఇంకా రెండు రోజులు అనుకుంది. ఎల్డన్ కూడా ఆ రోజులన్నీ ఎన్నడూ లేనంత మెత్తగా ఉన్నాడు. గిన్నెలు తుడిచిపెట్టాడు. ఒకటి పగిలితే ఇద్దరూ నవ్వుకున్నారు.

మంగళవారం సాయంత్రం స్టాన్ తన తూటాల డబ్బాలు రెండు ఎల్డన్ చేతిలో పెట్టాడు. వెర్నా వెనక బెంచీ మీద కూచుంది. ఆమె తెచ్చిన పై ఎవరూ ముట్టుకోలేదు. భయపడి కాదు, ఆమెతో ఏం మాట్లాడాలో తెలియక దగ్గరికి రాలేదు.

ఎల్డన్ లైను మీద నిలబడ్డాడు. ఎడం చెయ్యి జేబులో పెట్టుకుని కుడి చెయ్యి ఎత్తాడు. పది తూటాలకి పది నిమిషాల సమయం. ఎత్తుతాడు, దించుతాడు, మళ్లీ ఎత్తుతాడు. వెర్నా అతని వీపు వంకే చూస్తోంది. చొక్కా వెనక చెమటతో తడిసింది. పక్కవాళ్లందరూ ముగించాక కూడా అతనికి మూడు మిగిలాయి. ఆ మూడూ గబగబా కాల్చేశాడు.

రస్ వెళ్లి కాగితం తెచ్చాడు. తెస్తూ దారిలోనే ఒకసారి ఆగి చూశాడు. వచ్చి ఎల్డన్ ముందు పరిచాడు. నల్ల చక్రంలో మూడు. మూడు కాగితం బయట.

"ఎలా ఉన్నాయి ఎల్డన్ గారూ, స్టాన్ తూటాలు?" అన్నాడు రస్ మెల్లగా.

అందరూ మఫ్‌లు తీసి వింటున్నారు. ఎల్డన్ వెనక్కి తిరిగి వెర్నా వంక చూశాడు. నోరు తెరిచాడు. ఆమె తెలియకుండానే బెంచీ మీంచి సగం లేచింది.

"మెరుగు," అన్నాడు ఎల్డన్. "చాలా మెరుగు."

వెర్నా మళ్లీ కూచుంది. మొదటిసారి అతను నలుగురిలో అన్నప్పుడు అవమానమే అయింది. గుండె పగిలింది ఇప్పుడు.

రస్ కాగితం వంక చూశాడు. ఎల్డన్ చెయ్యి వంక చూశాడు. అతనికి అంతా తెలిసిపోయినట్టు మొహం మెడ దాకా ఎర్రబడింది. వెనక్కొచ్చి బెంచీ దగ్గర ఒంగి, బూటు తాడు కట్టుకుంటున్నట్టు నటిస్తూ అన్నాడు, "వెర్నా గారూ, వచ్చే వారం మీ తూటాలు తెచ్చుకోండి. నియమం సంగతి నేను చూసుకుంటాను. అడిగేవాళ్లకి నేను చెప్పుకుంటాను."

"ఏమని చెప్తావు?"

రస్ బూటు తాడు మళ్లీ విప్పి కట్టాడు.

"వద్దు. మందు కలిపాను నేను. ఇక తూటాలు చెయ్యను," అంది.

రస్ లేచి, తల దించుకుని తన చోటికి వెళ్లిపోయాడు. మఫ్‌లు పెట్టుకొమ్మని కేక వేశాడు. అందరూ పెట్టుకున్నారు. ఎల్డన్ పెట్టుకోబోతూ వెనక్కి తిరిగి చెయ్యి చాచాడు.

"వెర్నీ, స్టాన్ ఇచ్చిన రెండో డబ్బా అందుకో."

ఆమె లేచి వెళ్లి, మూత తీసి, అతని చేతిలో వొలికిపోకుండా బల్ల మీద పెట్టింది.